వినని ఆమేన్

డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి ఎండ ఇంకా ప్రహరీగోడ దాటలేదు. పంపుహౌసు ఆపరేటరు చెప్పులు గుమ్మం పక్కన జతగా విడిచి, కాళ్ళు కడుక్కుని, వంటింటి ద్వారం దగ్గరున్న తన పాత కుర్చీలో కూర్చున్నాడు. భార్య సింకు ముందు నిలబడి, వీపు ఇటు పెట్టి, గిన్నెలు తోముతోంది. తోముతూ ఏదో చెబుతోంది. ఆ సంగతి ఆయనకు ఆమె మోచేతులను బట్టి తెలిసింది. ఉత్తినే తోమేటప్పుడు ఆ మోచేతులు ఒకే వరుసలో ఆడతాయి. మాట్లాడేటప్పుడు మధ్యమధ్య ఆగుతాయి. ఏదైనా అడిగితే కుడి మోచెయ్యి గాల్లో నిలబడిపోతుంది.

కుడి మోచెయ్యి గాల్లో నిలబడింది.

"సరే," అన్నాడాయన.

"ఏమిటి సరే?" ఆమె తడిచేతులతో ఇటు తిరిగింది. తిరిగితే పెదవులు కనిపిస్తాయి. పెదవులు కనిపిస్తే మాట ముక్కాలువంతు అందుతుంది. "పిల్ల నిన్నటినుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు, దాన్ని మీరు అడుగుతారా, నన్నడగమంటారా అంటే సరే అంటారేమిటి? పెళ్ళిచూపులనాడు కూడా ఇదే మాట అన్నారు. అప్పుడే లేచి లోపలికి పోవాల్సింది నేను."

"నేనే అడుగుతాను."

"అడుగుతారు! మీరు అడగడం, అది చెప్పడం, మీరు సరే అనడం..." ఆమె మళ్ళీ సింకువైపు తిరిగింది. మిగతా మాటలు కుళాయి నీళ్ళతోపాటు పోయాయి.

ఆయన చెవులు ఒక్కరోజులో పోలేదు. ఊరికంతటికీ నీళ్ళు తోడే పెద్ద మోటార్ల పక్కన బతుకంతా గడిచింది. ముందు పిచ్చుకలు పోయాయి. తర్వాత గోడగడియారం. ఆ తర్వాత ఆడవాళ్ళ గొంతులు. చివరికి మనుషులు మాట్లాడుతుంటే, తలుపు వేసిన గదిలో ఎవరో సామాను జరుపుతున్నట్టు ఒక చప్పుడు మాత్రం మిగిలింది. మొదటినుంచీ ఆయన మాట తక్కువ మనిషి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. వయసు పైబడి ఇంకా బిగుసుకుపోయాడు అనుకున్నారు.

ఆయన కూడా పైకి చెప్పలేదు. పంపుహౌసులో చెవి మందగించినవాణ్ణి ఉంచరు. బేరింగు మూలిగితే వినాలి, వాల్వు ఈడిస్తే వినాలి. ఆయన వినడం మానేసి అరచేత్తో తడిమి చూడటం నేర్చుకున్నాడు. మోటారు ఒంటిమీద చెయ్యి వేస్తే దాని జబ్బేమిటో తెలిసిపోయేది. దానికి మించిన కారణం మరొకటి ఉంది. ఆయన తండ్రికి ముసలితనంలో చెముడు వచ్చింది. ఇంటికి వచ్చిన ప్రతివాడూ ఆ ముసలాయన చెవిలో అరిచి, తలాతోకా లేని జవాబొకటి చెప్పించుకుని, పడీపడీ నవ్వేవాడు. నవ్వుతున్నవాళ్ళ మధ్య ఆ ముసలాయన తనూ నవ్వడం ఈయనకు బాగా గుర్తు. ఆ నవ్వు తన ముఖంమీదికి రాకూడదని పంతం పట్టాడు.

కూతురు వెనకగదిలో కిటికీ దగ్గర మోకాళ్ళమీద ఉంది. పెదవులు కదులుతున్నాయి. పక్కనుంచి చూస్తే ఏమీ అందలేదు. ఒకే వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటున్నట్టు మాత్రం ఉంది. కిందటి చలికాలంలో ఆమె బిడ్డ, ఇంకా పళ్ళు కూడా రాని పిల్ల, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పోయింది. ఇప్పుడు మళ్ళీ మూడో నెల. భర్త ఊళ్ళోనే బస్సుడిపోలో మెకానిక్కు. అయినా ప్రార్థనలో ఉండాలంటూ ఆమె పుట్టింటికి వచ్చి, వెళ్ళే మాట ఎత్తడంలేదు.

"ఏమీ తినవా చిట్టీ?" అన్నాడు.

ఆమె లేచి ఎదురుగా వచ్చింది. ముఖంలో ఎముకలు బయటపడ్డాయి. "ఆదివారం దాకా ఉపవాసం నాన్నా. ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పాలి."

సాక్ష్యమంటే, మళ్ళీ కడుపు పండినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటుంది కాబోలు అనుకున్నాడు. "మంచిది," అన్నాడు.

ఆమె చాలాసేపు ఆయన ముఖంలోకి చూసింది. "మీరు ముందు బల్లమీదే ఉంటారుగా?"

"ఉంటాను."

"నేను చెప్పాక... ఆమేన్ అంటారుగా?"

"సరే," అన్నాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషమనుకుని, తల నిమిరి, వెళ్ళి పడుకున్నాడు.

వాళ్ళ సంఘం చిన్నది. మార్కెట్టు వెనక, ఒకప్పుడు గోదాముగా ఉన్న పొడుగాటి గది. దాన్ని మొదలుపెట్టిన పాత అయ్యగారు ఒక అలవాటు పెట్టిపోయాడు. బోధ అయిపోగానే అయ్యగారి చెయ్యి కిందికి దిగుతుంది. అప్పుడు ముందు బల్లమీద ఉన్న సంఘపెద్ద ఆమేన్ అనాలి. ఆయన అన్న తర్వాతే మిగతావాళ్ళు అంటారు. "నేను చెప్పింది గ్రంథంలోని వాక్యంతో కలిస్తేనే నోరు తెరువు. కలవకపోతే తాళం వేసుకుని కూర్చో. నీ మౌనం నాకు చెంపదెబ్బ కావాలి," అని పాత అయ్యగారే ఆపరేటరును ఆ బల్లమీద కూర్చోబెట్టాడు. ఒకసారి నిజంగానే ఆపరేటరు నోరు విప్పలేదు. పై ఆదివారం అయ్యగారు అందరిముందూ తన మాట దిద్దుకున్నాడు, దిద్దుకుని ఆయన్ని కౌగిలించుకున్నాడు.

పాత అయ్యగారి గొంతుకు రేకుల కప్పు అదిరేది. అందుకే ఆయన ఉన్నంతకాలం ఇబ్బంది కలగలేదు. ఆయన కన్నుమూశాక వచ్చిన కొత్త బోధకుడు పల్చటి మనిషి, పల్చటి గొంతు. అరవడు, బల్ల గుద్దడు. జబ్బుపడ్డవాళ్ళ మంచం పక్కన కూర్చుని చెప్పినట్టు మెత్తగా చెబుతాడు. వింటున్నవాళ్ళు కళ్ళు ఒత్తుకుంటూ ఉంటారు. ఆపరేటరుకు ఆ కళ్ళు కనబడేవి, ఆ బోధకుడి పొడవాటి వేళ్ళు కనబడేవి. చెయ్యి కిందికి దిగగానే, ఇంతమంది కన్నీళ్ళు పెట్టుకున్నారంటే మంచి మాటే అయివుంటుంది అనుకుని, ఆమేన్ అనేవాడు. వెనకనుంచి గదంతా అనేది. ఆ గుంపు ఆమేన్ ఒక్కటే ఆయనకు స్పష్టంగా, ఛాతీలోకి వినపడేది.

మర్నాడు పగటి డ్యూటీ. మోటార్లు నిండా తిరుగుతున్నాయి. జోడీ ఆపరేటరు, రెండువేళ్ళు నోట్లో పెట్టి ఈల వేస్తే తప్ప ఎవర్నీ పిలవడు కనుక అందరూ ఈలాయన అంటారు, ప్యానెలు దగ్గర నిలబడి గేజీలు చూస్తున్నాడు. పంపుహౌసులో ఉన్నంతసేపూ ఆపరేటరుకు హాయి. అక్కడ అందరూ చెవిటివాళ్ళే. ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా చెవికి నోరు ఆనించి అరవాల్సిందే.

అల్లుడు డిపో బట్టలతో, గ్రీజు చేతులతో లోపలికి వచ్చాడు. ఎప్పుడూ అక్కడికి రాని మనిషి. ముఖం చూసి ఆపరేటరు దగ్గరికి వెళ్ళాడు.

"ఏమైంది బాబూ?"

అల్లుడు ఏదో అన్నాడు. ఆపరేటరు చెవి చూపించాడు. అల్లుడు ఒక్క క్షణం తటపటాయించి, మామ భుజం పట్టుకుని చెవిలో అరిచాడు.

"రేపు అది సంఘంలో ఏం చెప్పబోతోందో మీకు తెలుసా మావయ్యా?"

"సాక్ష్యం."

"ఏం సాక్ష్యం? బిడ్డను తనే చంపుకున్నానని చెబుతుందట! పిల్ల ఒకనాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, 'నువ్వు లేకపోతే కాసేపైనా పడుకునేదాన్ని' అందట. ఆ మాటే పాపమట! ఆ మాటతో మరణానికి గడియ తీసిందట!"

ఆపరేటరు వెనక్కి జరిగి, పక్కనున్న మోటారు మీద చెయ్యి ఆనించి, అల్లుడి ముఖం చూశాడు. మళ్ళీ చెవి దగ్గరపెట్టాడు.

"మీ బోధకుడు వారం వారం చెబుతున్నది అదేగా మావయ్యా? 'మరణం గోడ దూకి రాదు, ఇంట్లోవాళ్ళు ఎవరో గడియ తీస్తేనే వస్తుంది' అని. తీసినవాళ్ళు నలుగురిలో ఒప్పుకోకపోతే మళ్ళీ వస్తుందని! అది నెలలతరబడి తన పాపం కోసం వెతుక్కుంటోంది. దొరకలేదంటే దాస్తున్నావన్నారు. చివరికి ఈ మాట పట్టుకుంది. నేనూ అన్నాను మావయ్యా, ఇలాంటివి నూటొక్కటి అన్నాను! ఏ తండ్రి అనడు? చెబితే వినదు. 'నాన్న ఆమేన్ అన్నారు' అంటుంది. ఏం చెప్పినా అదే మాట. మీరు చెప్పండి! దాని ముఖం చూసి చెప్పగలరా, నీ కూతుర్ని నువ్వే..."

అప్పుడే కరెంటు పోయింది. మోటార్లు ఒక్కసారి మూలిగి ఆగిపోయాయి.

"...చంపుకున్నావని!"

ఆ మాట ఖాళీ షెడ్డులో గోడనుంచి గోడకు కొట్టుకుంది. ఈలాయన గేజీల దగ్గర అలాగే బిగుసుకుపోయాడు. అల్లుడు గ్రీజు చేతులతోనే ముఖం కప్పుకున్నాడు. కొత్త బోధకుడు వచ్చిన నాటినుంచి చెప్పిన బోధలో ఆపరేటరు చెవిన పూర్తిగా పడ్డ మొదటి మాట అది.

ఆయన అరచెయ్యి ఇంకా మోటారు మీదే ఉంది. కింద ఏమీ కదలడంలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, కూతుర్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు. దీపాలు పెట్టే వేళ ఇంకా కాలేదు. ముఖం మీద వెలుగుంది.

"అల్లుడు వచ్చాడు. చెప్పాడు," అన్నాడు.

"చెబుతాడని తెలుసు." ఆమె ముఖంలో కోపం కనబడలేదు. అలసట ఒక్కటే ఉంది.

"తప్పమ్మా అది. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వాడిదీ కాదు, కన్నవాళ్ళదీ కాదని ప్రభువే చెప్పాడు. నీకు చిన్నప్పుడు నేనే చదివి వినిపించాను."

"నాకూ గుర్తుంది నాన్నా. మొదటివారం ఆయన ఈ బోధ చేసినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. గుర్తొచ్చి మీవైపు చూశాను." ఆమె ఒక్కొక్క మాటా తూచినట్టు అంది. "నాన్న నోరు విప్పరు అనుకున్నాను. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. మీరు ఆమేన్ అన్నారు. పై వారం మళ్ళీ చూశాను. మళ్ళీ అన్నారు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి మీరు ఊరుకుని ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. నాన్నకంటే నాకు ఎక్కువ తెలుసా అనుకున్నాను. తప్పయితే మీరెందుకన్నారు?"

ఆయన నోరు తెరిచాడు. చెప్పాల్సిన మాట చిన్నదే. దానికి తన తండ్రి ముఖం మీది నవ్వు అడ్డుపడింది.

"నువ్వు ఒక మాట అంటే బిడ్డ పోతుందా?" అన్నాడు చివరికి. "మీ అమ్మ నిన్ను ఎన్ని మాటలందో. సంతలో ఎవరికైనా ఇచ్చేసి వస్తానని రోజూ అనేది."

"ఆవిడకి దేవుడు గడియ వేసి ఉంచాడేమో. నాకు వెయ్యలేదు." ఆమె చెయ్యి కడుపు మీదికి పోయింది. "ఇప్పుడు దీనికి కూడా తీసే ఉందట. రేపు చెప్పేస్తే పడుతుందన్నారు. నేను చెబుతాను నాన్నా. నా పరువు ఏమైనా కానివ్వండి."

"చెప్పొద్దు."

"మరి ఎందుకన్నారు ఆమేన్?"

కూతురు ఆయన్నే చూస్తోంది. అంతలో ఉన్నట్టుండి ఆమె చూపు ఆయన భుజం మీదుగా వెనక్కి పోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. ముఖంలో రంగు మారింది. ఏమిటా అని ఆయన వెనక్కి తిరిగాడు.

ఆయన కుర్చీకి జానెడు దూరంలో భార్య నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో. చేత్తో నోరు మూసుకుంది. తర్వాత చెయ్యి తీసి, మెల్లగా, పెదవులు బాగా కదిలిస్తూ అంది.

"వంటింట్లో నిప్పంటుకుందని ఉత్తుత్తినే చెప్పానండీ. ఒకసారి కాదు. మీ వెనకే నిలబడి, నాలుగిళ్ళకు వినపడేట్టు చెప్పాను."

ఆయన కాళ్ళవంక చూసుకున్నాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

ఆయన చెయ్యి ఊపాడు. చాలాకాలం అన్నట్టు.

"నేను మిమ్మల్ని తిట్టుకుంటున్నాను," అందామె. "గోడతో కాపురం చేస్తున్నానని పక్కింటావిడతో అన్నాను. నా మాటంటే లెక్కలేదనుకున్నాను. చెబితే ఏం పోయేది? ఇటు తిరిగి మాట్లాడేదాన్నిగా?" కోపమో ఏడుపో తేలకుండా ఆమె అక్కడే నేలమీద కూలబడింది.

కూతురు లేచి నిలబడింది. "అయితే మీరు... ఒక్కటి కూడా వినలేదా? ఇన్ని ఆదివారాల్లో ఒక్కటి కూడా?"

"లేదమ్మా."

ఆమె నవ్వింది. ఆయన జీవితమంతా భయపడ్డ నవ్వు అది కాదు, దానికంటే ఘోరంగా ఉంది. "నేను ఊపిరి బిగబట్టుకుని చూసింది... ఆయన చెయ్యి దిగడం కోసం చూస్తున్న మనిషినా?"

"ఆ బోధ తప్పు. నేను వినలేదు కాబట్టే..."

"మీరు వినలేదు. అందరూ విన్నారుగా? అందరూ ఆమేన్ అన్నారుగా? అందరూ చెవిటివాళ్ళేనా?"

"వాళ్ళు నా వెనకే అన్నారు."

"అయితే ఆ ముక్క వాళ్ళకి చెప్పండి. నాకు కాదు." ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. తలుపు గుమ్మాన్ని కొట్టిన అదురు ఆయన పాదాల్లోకి వచ్చింది.

భార్య నేలమీదనుంచే ఆయనవైపు ముఖమెత్తింది. "చెబితే ఆ బల్ల పోతుంది. పంపుహౌసులోనూ తెలుస్తుంది, తాళాలు లాక్కుంటారు. రెండూ పోతే మీరేమైపోతారు?"

"ఇంకా వింటున్నవాడిలా కూర్చుంటే ఏమైపోతానో చూశావుగా," అన్నాడాయన. పెళ్ళయిననాటినుంచి ఆమెకు ఆయన చెప్పిన జవాబుల్లో అదే పెద్దది.

ఆదివారం గది నిండిపోయింది. గడియ తీసినవాళ్ళలో ఒకరు ఈ వారం బయటపడబోతున్నారన్న కబురు బల్లలమధ్య ముందే తిరిగింది. తిరిగిందని ఆపరేటరుకు తలలు దగ్గరయ్యే తీరునుబట్టి తెలిసింది. కూతురు ఆడవాళ్ళవైపు ముందు వరసలో, వేళ్ళు ఒకదానిలో ఒకటి పెట్టుకుని కూర్చుంది. అల్లుడు లోపలికి రాలేదు. తలుపు దగ్గరే, ద్వారబంధాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

బోధకుడు మెత్తగా చెప్పాడు. ఎవరో కళ్ళు ఒత్తుకున్నారు. పొడవాటి వేళ్ళు గాల్లో ఒక తలుపు గీశాయి, దాని గడియ తీశాయి. ఆపరేటరు ఈసారి ఆ వేళ్ళను చూశాడు, చదివాడు. ఇన్నాళ్ళూ కళ్ళముందే ఉన్న తలుపు అది.

చెయ్యి కిందికి దిగింది.

ఆయన నోరు విప్పలేదు.

గది ఆయనకోసం ఆగింది. బోధకుడు చిరునవ్వుతో ఆయనవైపు చూసి, చెయ్యి మరోసారి దించాడు. పెద్దాయన పరధ్యానంలో ఉన్నాడనుకున్నట్టున్నాడు. ఆపరేటరు రెండుచేతులూ మోకాళ్ళమీద పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. వెనకబల్లల్లో ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. కూతురు ఆయన్ని చూడలేదు. లేచి, ముందుకు వచ్చి, జనంవైపు తిరిగి నిలబడింది. ఆమె పెదవులు విడివడుతుండగా ఆయన లేచాడు.

"కూర్చో తల్లీ. ముందు సాక్ష్యం నాది."

ఎప్పుడూ ఒక్క మాటకు మించి అనని మనిషి. తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో తనకే తెలియదు. పంపుహౌసులో మాట్లాడినట్టే వచ్చింది.

"నాకు చెవులు వినపడవు. చాలాకాలమైంది. సిగ్గుపడి దాచాను. ఈ అయ్యగారు వచ్చాక చెప్పిన ఒక్క బోధా నేను వినలేదు. చెయ్యి దిగితే ఆమేన్ అన్నాను. మీరు నన్ను చూసి అన్నారు. కావలి ఉండమని నన్నిక్కడ కూర్చోబెడితే, నేను కళ్ళు తెరుచుకుని నిద్రపోయాను. గడియ తీసినవాడు ఒకడున్నాడని ఈ అయ్యగారు అంటున్నారట. ఉన్నాడు. నేనే. ఈ గదికి గడియ తీసింది నేను. అన్న ఆమేన్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను."

బోధకుడు దగ్గరికి వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. జాలిగా ఏదో చెప్పాడు.

"వినపడటంలేదు. గట్టిగా చెప్పండి."

బోధకుడు మళ్ళీ చెప్పాడు. పెదవులు మెత్తగా కదిలాయి.

"ఇంకా గట్టిగా అయ్యగారూ. నా చెవిలో అరవండి. ఇదిగో నా కూతురు. బిడ్డ ఏడిస్తే విసుక్కున్న పిల్ల. 'నీ బిడ్డను నువ్వే చంపుకున్నావు' అని చెవిటివాడికి వినపడేంత గట్టిగా అనండి. దేవుడి మాటయితే అరిచి చెప్పినా దేవుడి మాటే. అనండి."

బోధకుడి వేళ్ళు ఆయన మోచేతిమీదనుంచి జారాయి. ఆ మనిషి మోసగాడు కాడు. తను చెప్పేది తను నమ్మినవాడే. కానీ ఆ మాట ఆ పిల్ల ముఖం ముందు పెద్దగొంతుతో పలకడానికి ఆయనకు నోరు రాలేదు. "నేను అలా అనలేదు," అన్నట్టుగా పెదవులు ఆడాయి.

రెండోబల్లమీద కర్రపట్టుకు కూర్చున్న ముసలావిడ ఒకామె లేచింది. ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న మనిషి. ఆమె అరిచింది కాబట్టి ఆపరేటరుకు కూడా వినపడింది.

"అన్నావు నాయనా! అలాగే అన్నావు. నేను ఇన్నాళ్ళూ నా కొడుకుల్ని నేనే తిన్నాననుకుని ఏడుస్తున్నాను."

ఆ తర్వాత గదిలో ఎవరేమన్నారో ఆపరేటరుకు తెలియలేదు. నోళ్ళు తెరుచుకున్నాయి, వేళ్ళు లేచాయి. కొందరు ముసలావిడవైపు నిలబడ్డారు. కొందరు ఆపరేటరువైపు వేలు చూపి, దేవుడి మనిషిని అవమానించాడంటూ నెట్టుకుని బయటికి పోయారు. పై ఆదివారానికి ఆ సగం బోధకుడితోపాటు వేరే చోట కూడుకోవడం మొదలుపెట్టింది. మిగిలిన సగానికి బోధ చెప్పే దిక్కు లేదు. వాళ్ళు వంతులవారీగా వాక్యం చదువుకుని, ఆగి, కలిసిందా లేదా అని ఒకళ్ళనొకళ్ళు అడిగి వెళ్ళిపోయేవారు. ముందు బల్ల ఖాళీగానే ఉంచారు.

పంపుహౌసులోనూ తెలిసింది. పై ఆఫీసరు మర్యాదగానే తాళాలు అడిగాడు. ఈలాయన గేటుదాకా సాగనంపి, చెవిలో అరిచాడు. "నాకెప్పుడో తెలుసన్నా! ఈల వేసి వేసి నా మూతి వంకరపోయింది. నువ్వు మోటారు మీద చెయ్యి వేస్తే నాకు ధైర్యంగా ఉండేది, అందుకే ఊరుకున్నా." అని, మరి నవ్వలేక, తిరిగి లోపలికి పోయాడు.

కూతురు ఆ ఆదివారం సాక్ష్యం చెప్పలేదు. ఉపవాసం విడిచింది, కానీ తిన్నట్టు తినలేదు. భర్త వచ్చి అరుగుమీద కూర్చుంటే పక్కన కూర్చునేది, మాట్లాడేది కాదు. తండ్రి ఒకసారి దగ్గరికి వెళితే ఎదురుగా తిరిగి, పెదవులు కదిలిస్తూ అంది.

"మీరు వినలేదు కాబట్టి మీకు వెనక్కి తీసుకోవడం తేలిక నాన్నా. నేను విన్నాను. నా చెవుల్లోంచి ఎలా తీస్తారు?"

అప్పట్నుంచి ఆయన రోజూ పొద్దున్నే గ్రంథం పట్టుకుని ఆమె గది గుమ్మం దగ్గర కూర్చుని, తనకే వినపడని గొంతుతో, పెద్దగా చదివేవాడు. ఆ గుడ్డివాడి సంగతే చదివేవాడు. ఇరుగుపొరుగువాళ్ళకు కంఠతా వచ్చేసివుంటుంది. ఆమె ఆపమనేది కాదు, బయటికి వచ్చేది కాదు.

అలా చాలా పొద్దులు గడిచాక ఒకరోజు ఆయన చదవడం ముగించేసరికి ఆమె వచ్చి పక్కన నేలమీద కూర్చుంది. కడుపు ఎత్తుగా కనబడుతోంది. ఆయన ముఖం తిప్పబోతే వద్దని, చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఆరోజు పిల్ల పొద్దుటినుంచి ఏడుస్తూనే ఉంది నాన్నా."

"వినపడలేదు. మళ్ళీ చెప్పు."

ఆమె మళ్ళీ చెప్పింది. ఇంకొంచెం గట్టిగా. ఆయన తల ఊపాడు. వినపడని చోట ఇక ఊపదలచలేదు కాబట్టి, వినపడిన చోట మాత్రమే ఊపుతున్నాడు.

"రెండు రాత్రులు నిద్రలేదు. భుజంమీద వేసుకుని తిరుగుతూ అన్నాను..."

"ఏమన్నావు? మళ్ళీ చెప్పు."

"నువ్వు లేకపోతే కాసేపైనా పడుకునేదాన్ని అన్నాను!" అరిచింది. కిటికీ అవతల వీధిలో పోతున్నవాళ్ళు తలతిప్పి చూశారు. ఇన్నాళ్ళు గుసగుసగా లోపల తిరిగిన మాట పట్టపగలు, వీధి వినేట్టు బయటికి వచ్చి పడింది. పడ్డాక అది నిద్రలేని తల్లి విసుగు, అంతే. "తర్వాత ముద్దు పెట్టుకున్నాను నాన్నా. అదెవరికీ చెప్పలేదు. విసుక్కుని, వెంటనే ముద్దు పెట్టుకున్నాను. అది నా మెడలో ముఖం పెట్టుకుని నిద్రపోయింది."

"విన్నాను," అన్నాడాయన. "అంతా విన్నాను."

"నా మాటవల్ల కాదు కదా?"

"కాదమ్మా."

"మీరు విని అంటున్నారా?"

"విని అంటున్నాను. కాదు."

ఆమె తల ఆయన భుజంమీద వాలింది. ఏడుపు ఆయనకు వినపడలేదు. మోటారు ఒంట్లో అదురు తెలిసినట్టు ఎముకలోంచి తెలిసింది. అరచెయ్యి ఆమె వీపుమీద వేసి, అది నెమ్మదించేదాకా తియ్యకుండా ఉంచాడు.

వంటింట్లో గిన్నెల దగ్గర భార్య మోచేతులు ఆగిపోయాయి. ఆమె కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, పూర్తిగా ఇటు తిరిగింది. ఆయనకు కనబడేట్టు గుమ్మంలోని వెలుగులోకి వచ్చి నిలబడి, పెదవులు నిదానంగా కదిలించింది.

ఆమేన్, అంది.